లియేజ్‌లో రెండు నిమిషాలు

ఫిబ్రవరి 6, సోమవారం

ఇవాళ బ్రస్సెల్స్ ఆఫీసులో లియేజ్ స్టాపు తీసేయమన్నారు. టైంటేబుల్ వేసేది నేను కనక తీసేయాల్సింది నేనే.

సాయంత్రం కొలోన్‌లో బయల్దేరి పారిస్ వెళ్ళే మా హై స్పీడ్ బండి సంగతి. ఇప్పుడది ఆఖెన్‌లో ఆగి, సరిహద్దు దాటి మా దేశంలోకొచ్చి, లియేజ్‌లో ఆగి బ్రస్సెల్స్ వస్తుంది. డిసెంబరులో కొత్త టైంటేబుల్ మొదలైన రోజు నుంచి లియేజ్‌లో ఆగకుండా దూసుకుపోవాలట. ఆగేది రెండే నిమిషాలు. వేగం తగ్గించుకోవడం, మళ్ళీ అందుకోవడం అన్నీ కలిపితే ఐదు. ఆ ఐదూ మిగిలితే విమానాలెక్కేవాళ్ళంతా వచ్చి మన ఒళ్ళో పడతారని మా డైరెక్టర్ మదాం లెజూర్ నమ్మకం.

"నీదీ లియేజే కదా గిలాన్. ఊళ్ళోవాళ్ళకి నువ్వయితే సర్దిచెప్పగలవ్" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇంటికొచ్చేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంట ఎవరి మీదా చూపించలేక ఇలా రాసుకుంటున్నాను.

పదిహేను రోజులకోసారి శుక్రవారం ఆ బండిలోనే మా అమ్మాయి క్లేయా నా దగ్గరికి వస్తుంది. ఆదివారం వెళ్ళిపోతుంది. నాలుగేళ్ళ క్రితం మేం విడిపోయినప్పుడు వాళ్ళమ్మ బిర్టె తన సొంతూరు కొలోన్‌కి వెళ్ళిపోయింది, పిల్లని తన దగ్గరే ఉంచుకుంది. ఇద్దరం సంతకాలు పెట్టిన ఒప్పందంలో ఒక మాట ఉంది: పిల్ల నేరుగా వచ్చే బండిలోనే రావాలి, ఒంటరిగా బండి మారకూడదు. అది బిర్టె షరతు. నేరు బండి ఉంది కనక అప్పుడు తలూపాను. శుక్రవారం సాయంత్రం నేరు బండి అదొక్కటే. శనివారం అసలు లేదు.

అయినా ఇది వేరు, ఆఫీసు పని వేరు. రెండూ కలపకూడదు.

ఫిబ్రవరి 7, మంగళవారం

బిర్టెకి ఫోన్ చేశాను.

"డిసెంబరు నుంచి ఆ బండి లియేజ్‌లో ఆగదట."

"ఆగదట ఏంటి? టైంటేబుల్ వేసేది నువ్వేగా?"

"నేనే."

"మరి?"

"పైవాళ్ళు చెప్పారు. నేను వేస్తాను. అంతే."

వెనకాల గిన్నెల చప్పుడు. "సరేలే, ఇంకా పది నెలలుంది. క్లేయాకి చెప్పనా?"

"చెప్పకు."

చెప్పేస్తుంది. బిర్టె నోట్లో ఏదీ దాగదు.

ఫిబ్రవరి 10, శుక్రవారం

క్లేయా వచ్చింది. బొటనవేలికి కట్టు. హ్యాండ్‌బాల్ ఆడుతూ బెణికిందట. మాంసం ఉండలు, బంగాళాదుంప వేపుడు తిన్నాం. సగం వదిలేసింది. ఫోన్ చూసుకుంటూ నవ్వుతోంది. ఎందుకని అడిగితే, "మా టీమ్ గోలలే నాన్నా, నీకర్థం కాదు" అంది. జర్మన్‌లో కదా అని ఊరుకున్నాను. నాకు జర్మన్ బాగానే వచ్చు.

ఫిబ్రవరి 14, మంగళవారం

శుక్రవారం ప్లాట్‌ఫారం మీద ఎలాగూ నిలబడ్డాను కదా అని దిగినవాళ్ళని లెక్కపెట్టాను. తొంభైకి కాస్త పైన. స్టాపు ఉంచాలంటూ పైవాళ్ళకిచ్చే నివేదికలో 'వందకు పైగా' అని రాశాను. విశ్వవిద్యాలయం పిల్లలు, ఆసుపత్రికొచ్చేవాళ్ళు, ముసలివాళ్ళు. వీళ్ళందరి గోడు ఎవరు వింటారు? లియేజ్ చిన్నచూపు చూడాల్సిన ఊరేం కాదు. ఈ పని నేను లియేజ్ జనం కోసం చేస్తున్నాను.

ఫిబ్రవరి 21, మంగళవారం

మదాం లెజూర్ చదివింది. "మంచి నివేదిక. మనసుపెట్టి రాశావ్. ఐదు నిమిషాలు ఎక్కణ్ణించైనా పట్టుకొస్తే స్టాపు ఉంచుకో. లేకపోతే లేదు" అంది.

ఐదు నిమిషాలంటే ఆవిడ దృష్టిలో సంతలో దొరికే సరుకు.

మార్చి 8, బుధవారం

ఆ ఐదు నిమిషాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

మా పనిలో ఒక రివాజుంది. బండి ఫలానా ఊరికి ఫలానా వేళకి చేరుతుందని గ్రాఫు మీద గీత గీస్తాం. నిజానికి అంతకంటే ముందే చేరగలదు. ఇంటి ఖర్చులో చిల్లర మిగుల్చుకున్నట్టు, ప్రతి దేశంవాళ్ళూ తమ హద్దు చివర రెండు మూడు నిమిషాలు గుట్టుగా మిగుల్చుకుంటారు. దారిలో ఏదైనా ఆలస్యమైతే వాటితో పూడ్చుకుని, పక్క దేశానికి బండిని వేళకి అప్పజెప్పామని జబ్బలు చరుచుకుంటారు. నావి బ్రస్సెల్స్ ముందు మూడున్నాయి. కొలోన్‌వాళ్ళవి ఆఖెన్ ముందు ఎన్నో ఉన్నాయి. కానీ వాటి గురించి ఎవరూ ఎవరినీ అడగరు. జీతమెంతని అడిగినట్టే ఉంటుంది.

వౌటర్‌తో అన్నాను. వౌటర్ నా పక్క బల్ల, ఘెంట్ మనిషి, పదకొండేళ్ళుగా నా బుర్ర తింటున్నాడు.

"స్ట్రాస్‌బర్గ్ సమావేశంలో అడుగుతావా? అందరి ముందూ?" అన్నాడు.

"ముందు నావి ఇచ్చి, తర్వాత అడుగుతా."

"అంటే ముందు నువ్వు బట్టలు విప్పుకుని, తర్వాత ఆ కొలోన్ ఆవిణ్ణి విప్పమంటావ్. శుభం. గురూ, బ్రస్సెల్స్ ముందు ఆ మూడూ లేకపోతే చలికాలమంతా బండి ఆలస్యమే. తిట్లు తినేది ఎవరు? నువ్వూ, నీ పక్కన కూర్చున్న పాపానికి నేనూ."

"లియేజ్‌లో వందమంది దిగుతారు."

"ఒక్కతి దిగుతుంది" అన్నాడు. మళ్ళీ తనే నొచ్చుకుని కాఫీ తెచ్చిపెట్టాడు.

మార్చి 24, శుక్రవారం

క్లేయా వచ్చింది. ఆడపిల్లల పెద్ద జట్టులోకి తీసుకుంటారేమోనట. మంచిదే.

ఏప్రిల్ 18, మంగళవారం

స్ట్రాస్‌బర్గ్. అన్ని దేశాలవాళ్ళూ కూర్చుని గీతలు కలుపుకునే సమావేశం. బల్ల చుట్టూ పన్నెండుమంది, తెర మీద వచ్చే డిసెంబరు. కొలోన్ తరఫున ఎప్పట్లాగే ఫ్రౌ కెస్సెనిఖ్. సన్నగా, నిటారుగా ఉంటుంది. మేమిద్దరం ఇరవై ఏళ్ళుగా ఒకరినొకరు 'మీరు' అనుకుంటున్నాం.

మా బండి వంతు వచ్చినప్పుడు లేచాను.

"ఫ్రౌ కెస్సెనిఖ్, బ్రస్సెల్స్ ముందు నేను మూడు నిమిషాలు దాచుకున్నాను. అవి ఇచ్చేస్తున్నాను. ఆఖెన్ ముందు మీరు దాచుకున్నవాటిలో రెండిస్తే లియేజ్ స్టాపు నిలబడుతుంది."

స్విట్జర్లాండ్ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వౌటర్ బల్ల కిందకి చూస్తున్నాడు.

"మా దగ్గర అలాంటివేం లేవండీ" అంది ఆవిడ.

"మరి బండి రోజూ వేళకంటే ముందే ఆఖెన్ వచ్చి తలుపులు తీసుకుని నిలబడుతోందే?"

"అది మా డ్రైవర్ల పనితనం."

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. చెవులు కాలిపోయాయి.

భోజనాల దగ్గర ఆవిడే పళ్ళెం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు చేపముళ్ళు తీసుకుంటూ ఉంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "ఆ బండిలో మీవాళ్ళెవరైనా వస్తారా?"

"లేదండీ. ఊరి జనం కోసం."

"ఓహో. ఊరి జనం." ఇంకో ముల్లు తీసింది. "రెండిస్తాను. కానీ దాచినవని ఎక్కడా రాయకండి. 'పట్టాల పనులు ముందుగా పూర్తయినందువల్ల' అని రాయండి. మా ఆఫీసులో నాకు పరువుంది."

చెయ్యి కలపబోతే, చేపవాసన అని కలపలేదు. బయటికొచ్చి కాలవ గట్టున నిలబడి గట్టిగా ఈల వేశాను. వౌటర్ సిగ్గుపడి దూరంగా నడిచాడు.

క్లేయాకి ఇప్పుడే చెప్పను. అచ్చయ్యాక చెప్తాను.

మే 5, శుక్రవారం

క్లేయా రాలేదు. టోర్నమెంటట.

మే 19, శుక్రవారం

వచ్చింది. పొడుగైంది. నా చొక్కా వేసుకుని పడుకుంది, భుజాలు సరిపోయాయి.

జూన్ 16, శుక్రవారం

రాలేదు. జలుబట. ఫోన్‌లో గొంతు మామూలుగానే ఉంది. జలుబు మొదట్లో అలాగే ఉంటుంది.

జూన్ 17, శనివారం

ఇంట్లో ఏం చెయ్యాలో తోచక ఆఫీసుకి వెళ్ళాను. ఖాళీగా ఉంది, ప్రాణానికి హాయిగా ఉంది. లియేజ్ గీతని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మొన్న మదాం లెజూర్ ప్లాట్‌ఫారం మార్చమంటే, జనం మెట్లెక్కక్కర్లేకుండా ఒకటి వెతికి పెట్టాను. క్లేయా సంచీ ఎప్పుడూ బరువే. సాయంత్రం ఇంటికొచ్చాను. గుమ్మం ముందు, వీధిలో అమ్మే తీపి గోఫ్ర్ తిని పారేసిన కాగితం పడి ఉంది. మా వీధి పిల్లలకి బొత్తిగా శుభ్రం లేదు.

జూలై 3, సోమవారం

ముసాయిదా టైంటేబుల్ వచ్చింది. లియేజ్ ఉంది.

ఆగస్టు 12, శనివారం

సముద్రం ఒడ్డున, దె హాన్‌లో ఉన్నాం. క్లేయా నాకు బంతి విసరడం నేర్పిస్తోంది. "మోచెయ్యి పైకి నాన్నా! చీమకి ముద్దపెడుతున్నావా?" అని అరుస్తుంది. ఇసకలో పడి, లేచి, మళ్ళీ పడ్డాను. భుజం పట్టేసింది. ఇన్నేళ్ళలో ఇంత సంతోషంగా ఉన్నట్టు గుర్తులేదు. ఈ పిల్ల పదిహేను రోజులకోసారి కనబడకపోతే నేను బతకలేను. కాగితం మీదే కదా, రాసుకుంటే తప్పులేదు.

సెప్టెంబర్ 8, శుక్రవారం

టైంటేబుల్ ఖాయమైంది. క్లేయాకి చెప్పాను. స్టేషన్లోనే, సంచీ అందుకుంటూనే.

"ఒక సంగతి చెప్పనా? డిసెంబరు నుంచి ఈ బండి ఇక్కడ ఆగదని మీ అమ్మ చెప్పుంటుంది."

"ఆ. చెప్పింది."

"ఆగుతుంది! నేను పట్టుబట్టి ఆపించాను. ఆరు నెలలు పట్టింది. జర్మన్లు రెండు నిమిషాలిచ్చారు, ఊహించుకో, జర్మన్లు!"

"ఓ" అంది. బూటు లేసు సరిచేసుకుంటూ, "మంచిదే కదా" అంది.

సంతోషంతో నోట మాట రాలేదు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా.

సెప్టెంబర్ 11, సోమవారం

సంతోషంతోనే.

అక్టోబర్ 6, శుక్రవారం

వచ్చింది. తలనొప్పి అని తొందరగా పడుకుంది.

అక్టోబర్ 20, శుక్రవారం

రాలేదు. సెలవుల్లో అమ్మమ్మ ఊరు.

నవంబర్ 5, ఆదివారం

క్లేయాని బండెక్కించి ఇంటికొచ్చిన గంటకి బిర్టె ఫోన్. పిల్ల కొలోన్‌లో ఇంకా దిగి ఉండదు.

"అది ఇంటికి రాకముందే చెప్పాలని చేశాను" అంది. "పెద్ద జట్టులో తీసుకున్నారు. వచ్చే నెల నుంచి శుక్రవారాలు మ్యాచ్‌లు. నీకు చెప్పిందా?"

"లేదు."

"చెప్పదు. బండి ఆగదని విన్నాక పేరిచ్చింది. తర్వాత నువ్వు ఆగుతుందన్నావ్. ఆ ఆదివారం ఇంటికొచ్చి ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. కోచ్‌కి మానేస్తానని చెప్తానంటోంది."

"శుక్రవారం రావడం దానికిష్టం. నువ్వేదో నూరిపోసుంటావ్."

"నేను నూరిపోయడమా? ఆ బండ్లు ఇటువైపు కూడా వస్తాయి గిలాన్. టైంటేబుల్ వేసేవాడివి, నీకు తెలీదా? నాలుగేళ్ళలో కొలోన్‌కి ఎన్నిసార్లొచ్చావ్?"

"వచ్చి ఎక్కడ కూర్చోను? చుట్టపుచూపుగా వచ్చిన మావయ్యలా కాఫీ హోటల్లో కూర్చుని నా కూతురితో మాట్లాడనా?"

"కూర్చో. కూర్చుంటే ఏమైంది?" అని పెట్టేసింది.

నవంబర్ 6, సోమవారం

బిర్టె ఎప్పుడూ ఇంతే. నేను చేసిన ఏ పనీ ఆమెకి పనిలా కనిపించదు. ఇద్దరు మనుషుల మధ్య నిప్పు పెట్టడంలో సిద్ధహస్తురాలు. పిల్ల సంతోషంగా ఉంది. 'మంచిదే కదా' అంది. నా చెవులతో విన్నాను.

నవంబర్ 7, మంగళవారం

'మంచిదే కదా' అని ఎవరంటారు?

నవంబర్ 17, శుక్రవారం

వచ్చింది. వంటింట్లో కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది. నేను సూపు కలుపుతున్నాను. అటు తిరిగి ఉంటే అడగడం తేలికని అటే తిరిగి అడిగాను.

"శుక్రవారాలు మ్యాచ్‌లటగా?"

తొక్క తీయడం ఆగింది. "అమ్మ చెప్పిందా?"

"నువ్వు చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? స్టేషన్లో నీ మొహం నువ్వు చూసుకోలేదు. పుట్టినరోజు పిల్లాడిలా ఉన్నావ్. జర్మన్లు, జర్మన్లు అని ఒకటే గంతులు."

"అయినా చెప్పాల్సింది."

"కోచ్ శుక్రవారాలు ఖాళీయేనా అని అడిగింది. డిసెంబరు నుంచి ఖాళీ అన్నా. బండి ఆగదన్నారు కదా." ఒక తొన నోట్లో వేసుకుంది. "అది ఆగకపోతే ఎవరి తప్పూ ఉండేది కాదు నాన్నా. నేను రానని చెప్పక్కర్లేదు. నువ్వు బాధపడినా రైలుని తిట్టుకునేవాడివి, నన్ను కాదు."

"నీకు రావాలని లేదా?"

"ఉంది. ఎప్పుడూ శుక్రవారమే రావాలని ఉండదు."

సూపు అడుగంటింది. పొయ్యి కట్టేసి స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. బయటికొచ్చేసరికి టీవీ పెట్టుకుని కూర్చుంది, శబ్దం బాగా పెంచి. ఏదో తోటపని కార్యక్రమం. ఇద్దరం చివరిదాకా చూశాం.

నవంబర్ 19, ఆదివారం

స్టేషన్లో చెప్పాను. "ఇకనుంచి శుక్రవారం రాకు. ఆడుకో."

"కోపమా?"

"కోపమే. తగ్గుతుంది."

"మరి నీ స్టాపు?"

"అదుంటుంది. ఒకసారి ఖాయమయ్యాక ఏడాదిదాకా ఎవరూ తీయలేరు. నేను కూడా."

నా కోటు గుండీ పట్టుకుని తిప్పింది, చిన్నప్పుడు తిప్పినట్టు. బండి వచ్చింది, ఎక్కేసింది. మళ్ళీ ఎప్పుడు వస్తావని అడగలేకపోయాను. అడిగితే ఏ వారమో ఏ రోజో చెప్పమన్నట్టు ఉంటుంది.

డిసెంబర్ 1, శుక్రవారం

శుక్రవారం.

డిసెంబర్ 10, ఆదివారం

కొత్త టైంటేబుల్ మొదలైంది. రివాజు ప్రకారం మావాళ్ళందరం సాయంత్రం బ్రస్సెల్స్ స్టేషన్లో నిలబడి చూశాం. వౌటర్ అల్లం రొట్టె తెచ్చాడు. బండి లియేజ్‌లో ఆగి, బాగానే బయల్దేరిందని ఫోన్ వచ్చింది. బ్రస్సెల్స్ చేరేసరికి నాలుగు నిమిషాలు ఆలస్యం. పారిస్‌లో ఆరట.

"నీ నిమిషాలు గిలాన్" అంది మదాం లెజూర్, నవ్వకుండా.

"అవును మదాం."

"కనీసం నీ పిల్లయినా సుఖంగా వస్తోందా?" అన్నాడు వౌటర్ తర్వాత, చెవి దగ్గరికొచ్చి. రావడం లేదని చెప్పాను. వాడు మిగిలిన అల్లం రొట్టె మొత్తం నా జేబులో కుక్కాడు.

డిసెంబర్ 13, బుధవారం

లియేజ్‌లో దిగినవాళ్ళ లెక్క వచ్చింది. నిజంగానే వందకు పైన. ఎవరో ముసలావిడ ఆఫీసుకి కార్డు కూడా పంపిందట, స్టాపు ఉంచినందుకు. వౌటర్ గోడకి అంటించాడు. మంచిదే కదా.

డిసెంబర్ 15, శుక్రవారం

(16న రాస్తున్నాను.)

మధ్యాహ్నం సెలవు పెట్టి కొలోన్ వెళ్ళాను. చెప్పలేదు. చెప్తే వద్దంటుందేమోనని భయం.

హాలంతా రబ్బరు, చెమట వాసన. తల్లిదండ్రులు ఫ్లాస్కుల్లో టీ పోసుకుంటున్నారు. బిర్టె నన్ను చూసి తన సంచీ తీసి పక్కన చోటిచ్చింది. "కోటు తీసి కూర్చో. ఉడికిపోతావ్" అంది. అంతకంటే ఏమీ అనలేదు. అందుకు ఆమెకి రుణపడి ఉన్నాను.

క్లేయా ఎడమ అంచున ఆడుతుంది. నాకిన్నాళ్ళూ తెలీదు. పరిగెత్తుతుంటే అచ్చం బిర్టె, విసిరేటప్పుడు మోచెయ్యి పైకి. రెండో సగంలో నన్ను చూసింది. చూసి విసిరిన బంతి గోల్ స్తంభానికి తగిలి పక్కకి పోయింది.

అయిపోయాక తువ్వాలు మెడలో వేసుకుని వచ్చింది. "చెప్పకుండా వచ్చావేంటి? నిన్ను చూసి కంగారుపడ్డా, గోల్ పోయింది."

"నా వల్ల ఓడిపోయారా?"

"తొమ్మిది గోల్స్ తేడా నాన్నా. నువ్వంత గొప్పవాడివేం కాదు." నవ్వింది. "నీ బండెప్పుడు?"

చెప్పాను. తొందరేం లేదు, ఇంకో అరగంట ఉందన్నాను. ఫోన్ చూసి కళ్ళు పెద్దవి చేసింది. "అది వెళ్ళిపోయిందిగా!"

వెళ్ళడానికి వీల్లేదని వాదించాను. ఆ గీత గీసింది నేను. ఫోన్ నా మొహం ముందు పెట్టింది. వెళ్ళిపోయింది. అప్పుడు తట్టింది. ఈ సోమవారం నుంచి ఆఫీసులో వచ్చే ఏడాది టైంటేబుల్ గియ్యడం మొదలుపెట్టాం. అందులో ఆ బండి ముప్పావుగంట ఆలస్యంగా బయల్దేరేలా జరిపాను. నా తలలో ఉన్నది అది. మా పనివాళ్ళం ఎప్పుడూ వచ్చే ఏడాదిలోనే తిరుగుతుంటాం, ఈ ఏడాది బండి మా ముక్కు ముందు నుంచే పోతుంది.

బిర్టె కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. క్లేయా వెనక్కి తిరిగి జట్టు మొత్తానికి వినబడేలా అరిచింది. "టైంటేబుల్ వేసే మా నాన్నకి బండి తప్పిపోయిందోయ్!" పదిమంది పిల్లలు చప్పట్లు కొట్టారు. వంగి దణ్ణం పెట్టాను.

బిర్టె కారు తేవడానికి వెళ్ళింది. హాలు గుమ్మంలో మేమిద్దరమే.

"ఆఖెన్‌దాకా వెళ్ళి పాసింజర్‌లోకి మారు" అంది క్లేయా. "ప్లాట్‌ఫారం మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి, అంతే. ఏం కష్టం కాదు. నేను మారాను."

"ఎప్పుడు మారావ్?"

తువ్వాలు కొస నోట్లో పెట్టుకుంది. "అమ్మకి చెప్పకు. జూన్‌లో జలుబన్నానే. జలుబు లేదు, ఒకమ్మాయి పుట్టినరోజు. తర్వాత నాకే ఎలాగో అనిపించింది. మర్నాడు ప్రాక్టీసని చెప్పి వచ్చేశా, ఆఖెన్‌లో మారి. నిన్ను అదరగొడదామని. బెల్లు కొట్టా. లేవు. గోఫ్ర్ కొనుక్కుని మీ మెట్ల మీద కూర్చుని తిన్నా. ఇంకా రాలేదు. వెళ్ళిపోయా."

"ఫోన్ చెయ్యొచ్చుగా తల్లీ."

"చేస్తే అదరగొట్టడం ఎలా అవుతుంది?" అంది. మళ్ళీ, "ఎక్కడికెళ్ళావ్ ఆ రోజు?" అంది.

ఆఫీసుకి అన్నాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి. ఆమె నా గుమ్మం ముందు కూర్చున్న గంటలు నేను ఆమె దిగబోయే ప్లాట్‌ఫారం వెతుకుతూ గడిపాను. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

కారు హారన్ వినబడింది. సంచీ భుజానికి తగిలించుకుంటూ, "ఎల్లుండి వస్తా. మారి వస్తానని ఈసారి అమ్మకి నేనే చెప్పుకుంటాలే. ఏ బండో నీకు చెప్పను. స్టేషన్‌కి రాకు. ఇంట్లో ఉండు" అంది.

ఆఖెన్‌లో మారాను. మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. అంతే.

డిసెంబర్ 17, ఆదివారం

పొద్దున్నుంచి ఇంట్లోనే ఉన్నాను. ఆఖెన్ నుంచి గంటకో పాసింజర్ వస్తుంది, వేళలన్నీ నాకు కంఠతా వచ్చు. అందుకని గోడ గడియారం దించి బీరువాలో పెట్టాను. చేతి గడియారం కూడా. ఫోన్ తిరగేసి పరుపు కింద తోశాను. రొట్టె కొనడానికి కూడా వెళ్ళలేదు, నిన్నటిదే ఉంది. సూపు వేడిచేశాను. చల్లారింది. మళ్ళీ వేడిచేశాను. బయట వాన పడింది, ఆగింది. రాదేమో అనుకున్నాను. రాకపోతే రాకపోనీ, నేనైతే ఉన్నాను కదా అనుకున్నాను. ఆ మాట సగమే నిజం. రాకపోతే తట్టుకోలేకపోయేవాణ్ణి.

బెల్లు మోగింది.

జుట్టు తడిసిపోయి, ముక్కు ఎర్రగా, సంచీ లేకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఉన్నావే!" అంది.

"ఉన్నాను" అన్నాను.

ఎన్నింటికి వచ్చిందో నాకు తెలియదు.